ఫ్రీగా ఉన్న మనిషి

సముద్రం ఒడ్డున పరిచిన పాత వల మీద ఎండేసిన నెత్తళ్ళ చేపల్ని యమున తిరగేస్తుంటే మొగుడు ధనరాజు వచ్చి నిలబడ్డాడు. వేట లేని రోజు. పేకాట మధ్యలో లేచి వచ్చాడంటే ఏదో ఉందనుకుంది.

"అన్నయ్య ఫోన్ సేసాడే. వదినకి బడిలో ఉద్యోగమొచ్చిందంట. పిల్లల్ని సూసుకోడానికి నిన్ను అరసవల్లి పంపమన్నాడు. నువ్వెలాగూ ఫ్రీయే కదా, ఏడాదిపాటు ఉంటాదిలే అన్నాను."

ఫ్రీ అట. ఆ ఇంట్లో ఆ మాట ఎన్ని వేషాలు వేసిందో చెప్పుకుంటే సిగ్గుచేటు. సబ్బుపొడితో వచ్చిన ప్లాస్టిక్ మగ్గు ఫ్రీ. కడుపు ఆపరేషనయ్యాక ఆస్పత్రిలో డాక్టరమ్మ, మోషన్ ఫ్రీగా అవుతోందా అని అడిగింది. యమున సుఖం గురించి ఆ మాట వాడిన మనిషి ఆవిడొక్కతే. చేపల సావుకారితో బేరమాడుతూ కాస్త నవ్విందా, "మగోళ్ళతో అంత ఫ్రీ ఏటే నీకు?" అని అత్త అసిరమ్మ మూతి తిప్పేది. తెల్లారకుండా నీళ్ళు మోసి, వండి, చేపలు కడిగి, ఉప్పు పట్టించి, ఎండేసి, కాకుల్ని తోలి, సాయంత్రం బుట్ట నెత్తికెత్తుకుని ఊళ్ళు తిరిగొచ్చినా ఆమె ఫ్రీయే. పొద్దస్తమానం పేకముక్కలు కలిపే ధనరాజుని ఆ మాట అనే మొనగాడు మాత్రం ఊళ్ళో లేడు.

"మరి ఈ జాగా ఏటవుతాది మావా?"

"దానికేటి, ఇందాకే పక్క పాక జగ్గమ్మకి సీపురిచ్చేసాను. రేపట్నుంచి ఆవిడే ఎండబెట్టుకుంటాది."

కళింగపట్నం ఒడ్డున చేపలు ఎండేసే జాగాలకి కాగితాలుండవు. రోజూ తుడిచే ఆడమనిషిదే జాగా. ఆమె చీపురు తీసి ఇంకొకరి చేతికిస్తే ఆ జాగా వాళ్ళదైపోతుంది. తల్లి మరిడమ్మ నుంచి యమునకి అలాగే వచ్చింది.

"నన్నడగలేదేటి?"

"అడగడానికేటున్నాదే? మనింటి సీపురే కదా."

ఏడుపు కూడా రాలేదు ఆమెకి. ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషికి, తన పెళ్ళానికంటూ ఈ భూమ్మీద చాపెడు చోటుందన్న సంగతే తెలీదు. దాచిపెడితే తెలీకపోవడం వేరు. రోజూ ఆ చోటు పక్కనుంచే పడవ దగ్గరికి నడిచి వెళ్ళాడు. చీపురు ఇంటిది, జాగా ఇంటిది, తనూ ఇంటిదే కాబోలు.

యమున నెత్తళ్ళు అలాగే వదిలేసి జగ్గమ్మ పాక దగ్గరికి నడిచింది. జగ్గమ్మ గుమ్మంలోనే ఉంది. చీపురు చూరులో దోపి ఉంది.

"మగోడిచ్చిన సీపురు సెల్లదని నాకు తెలీదేటే? నీకు ఒంట్లో బాగోక పంపావేమో అనుకున్నాను. నీ నోటితో సెప్పు. నాకిచ్చేత్తన్నావా?"

"ఇవ్వను అక్కా."

జగ్గమ్మ ఇంకో మాట అడగకుండా చీపురు తీసి చేతికిచ్చింది. అది పట్టుకుని వెనక్కొస్తుంటే ధనరాజు ఫోన్ చాపుతూ ఎదురొచ్చాడు.

"అన్నయ్య లైన్లో ఉన్నాడు. ఏ బస్సుకి వస్తావో నువ్వే సెప్పు."

యమున ఫోన్ అందుకుంది. కాపురానికొచ్చిన దగ్గర నుంచీ ఆ ఇంట్లో మగవాళ్ళు మాత్రమే అనగా విన్న మాట, ఆమె నోట తడబడకుండా వచ్చింది.

"నాకు పనున్నాది బావా."