నాలుగో కుట్టు

జాకెట్‌కి పక్కన ఒకే ఒక్క కుట్టు వేసే టైలర్ని నమ్మొద్దని మా ఆయన అనేవాడు. మనిషి ఒళ్లు ఏడాది పొడుగునా ఒకలాగే ఉండదు కాబట్టి లోపల గుడ్డ వదలాలి, పక్కపక్కనే రెండు మూడు కుట్లు వెయ్యాలి. ఒళ్లు వచ్చినప్పుడు లోపలి కుట్టు ఒకటి విప్పుకుంటే జాకెట్ వదులవుతుంది, కొత్తది కుట్టించుకునే పని ఉండదు. "గిట్ల కుడితే మళ్ల గిరాకీ ఎట్లొస్తది నీకు?" అని నేను దెప్పితే నవ్వేవాడు.

ఆయన పేరు మహబూబ్ అలీ. దుమ్ముగూడెంలో బస్సులాగే చోటుకి దగ్గర్లో, మా ఇంటి వరండాలోనే లేడీస్ టైలర్ షాపు. పొద్దున మిషన్ తొక్కి, సాయంత్రం సైకిల్ మీద అడవిలోని కోయగూడేలకు, మేం గుంపులనే వాటికి, పోయి కుట్టినవి ఇచ్చి, కొత్త కొలతలు తెచ్చుకునేవాడు. నాకు మిషన్ నేర్పింది కూడా ఆయనే. నన్ను అజ్జూ అని పిలిచేవాడు.

ఒక రంజాన్‌కి నాకోసం చిలకాకుపచ్చ సాటిన్ జాకెట్ కుట్టాడు. లోపలి వైపు తిప్పి మంచం మీద పరిచి, వేలితో కుట్లు ఒక్కొక్కటే చూపించాడు. అందరికీ రెండో మూడో వేసేవాడు నాకు నాలుగు వేశాడు.

"మొదటిది ఇప్పటికి అజ్జూ. రెండోది బిడ్డ పుట్టినంక. మూడోది నలభై దాటినంక. గీ చివరది మనం ముసలోళ్లమైనంక."

"ముసల్దాన్నైనంక గీ చిలకాకుపచ్చ జాకెట్ తొడుక్కోవాల్నా? నలుగురు నవ్వరా?"

"నవ్వేటోళ్లు నవ్వనీ. నేను చూడాలె గద."

ఆ పండుగకి చూశాడు. తర్వాతి వానాకాలంలో మెదడు మలేరియా వచ్చింది. జీపు మాట్లాడుకుని భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయేలోపే మాట పడిపోయింది. నాతో చివరికి ఏం చెప్పాలనుకున్నాడో నాకు తెలియదు. ఇప్పటికీ అదే ఆలోచిస్తుంటాను.

బిడ్డ కోసం వేసిన కుట్టు ఉంది గానీ బిడ్డ రాలేదు. థైరాయిడ్ వచ్చింది. షాపు నేనే నడుపుకున్నాను. పొద్దుట్నించి చీకటిపడేదాకా మిషన్ ముందు కూర్చోవడం, ఆకలున్నా లేకున్నా తినడం. ఒక్కదానికి వండుకోవడం చేతకాక ఇద్దరికి వండి, పారెయ్యడానికి మనసొప్పక ఇద్దరిదీ తినేదాన్ని. డాక్టరు చూసినప్పుడల్లా "నడువమ్మా, మోకాళ్లు పోతయ్" అనేవాడు. మిషన్ తొక్కితే కాళ్లకి పని కాదా అని ఒకసారి వాదించాను కూడా. డాక్టరు మందుల చీటీ మీద 'నడక' అని రాసి కింద రెండు గీతలు గీశాడు.

రంజాన్ వచ్చినప్పుడల్లా ఆ జాకెట్ తీసేదాన్ని, పట్టేది కాదు. ఒక ఏడు మొదటి కుట్టు విప్పాను, ఇంకో ఏడు రెండోది, ఆ తర్వాత మూడోది. విప్పినప్పుడల్లా లోపల మడతలో దాగిన గుడ్డ ఒక పట్టీ బయటపడేది. మిగతా జాకెట్ వెలిసిపోయినా ఆ పట్టీ మాత్రం కొత్తగా, మిలమిలా మెరిసేది. దాన్ని చూస్తూ ఏడ్చేదాన్ని, ఏడ్చాక పండుగ సేమియా పాయసం, షీర్ ఖుర్మా, రెండు గిన్నెలు తాగేదాన్ని.

2006 రంజాన్‌కి చివరి కుట్టు ఒక్కటే మిగిలింది. ఊపిరి బిగబట్టి లాగినా ముందు హుక్కులు కలవలేదు. పక్కింటి వనజ అంగన్‌వాడీ టీచరు, మంచి పిల్ల. చూసి నవ్వింది.

"గంత కష్టమెందుకక్కా? గా కుట్టు గూడ విప్పి రెండు పక్కల పట్టీలేసుకో. నువ్వే టైలరువాయె."

నాకు ఒళ్లు మండింది. పండుగ పూట వచ్చిన మనిషిని కసిరి పంపించాను. పట్టీ వెయ్యడం నాకు తెలియక కాదు. ఆ జాకెట్‌కి మెడ దగ్గరా చేతుల దగ్గరా ఉన్నవీ ఆయన కుట్లే, కానీ నాతో మాట చెప్పి వేసినవి ఆ నాలుగే. మూడు నా చేత్తోనే విప్పుకున్నాను. మనం ముసలోళ్లమైనంక అన్న కుట్టు దగ్గరికి ముప్పై ఎనిమిదేళ్లకే వచ్చేశాను, అదీ ఒక్కదాన్నే. ఇదొక్కటి విప్పనని ఆ రోజే అనుకున్నాను. మళ్లీ రంజాన్‌కి ఆ కుట్టు ఉండగానే ఈ జాకెట్ తొడుక్కోవాలి. డాక్టరు ఇన్నేళ్లు మొత్తుకున్నా లేవని కాళ్లు దానికోసం లేచాయి.

మర్నాడు తెల్లవారుతుండగా తల మీద కొంగు కప్పుకుని పర్ణశాల రోడ్డు పట్టాను. మా ఊళ్లో పనిలేకుండా ఎవరూ నడవరు. ఆ వేళప్పుడు ఆడమనిషి చేతిలో సంచి లేకుండా వడివడిగా పోతోందంటే ఎక్కడో ఎవరో పోయారనే లెక్క. వాకిలి ఊడ్చే ప్రతి మనిషీ చీపురు ఆపి "ఎవరు పోయిండ్రు?" అని అడిగింది. వనజ అయితే నేను తిట్టిన తిట్లు మర్చిపోయి, చెప్పుల్లేకుండా నా వెనకే పరుగెత్తుకొచ్చింది. అప్పటికే కళ్లు తుడుచుకుంటోంది. ఎవరూ పోలేదు, ఒళ్లు తగ్గడానికి నడుస్తున్నానంటే ఆమె రోడ్డు మీదే కూలబడి నవ్వింది. నేను సిగ్గుతో చచ్చాను.

రెండోనాటి నుంచి భుజాన ఒక సంచి వేసుకున్నాను, ఏదో పని మీద పోతున్నట్టు. నక్సలైట్ల కోసం గాలిస్తున్న పోలీసులు ఒకసారి ఆపి అందులో ఏముందని చూశారు. కొలతల టేపు, కత్తెర ఉన్నాయి. కత్తెర ఎందుకని చాలాసేపు అడిగారు.

భీమక్క పరిచయమైంది ఆ రోడ్డు మీదే. గుంపు నుంచి కట్టెల మోపు తలకెత్తుకుని ఊళ్లోకి వస్తూ ఎదురయ్యేది. నాకంటే పెద్దది, ఎండిన మనిషి. నన్ను ఊరికే దాటిపోకుండా, మోపు కింద నుంచే కళ్లు తిప్పి చూసేది.

"ఏడికి బోతున్నవ్ బీబమ్మా రోజు?"

"ఏడికీ లేదు. ఒళ్లు తగ్గాలె."

"తగ్గినంక ఏం జేస్తవ్?"

"ఒక జాకెట్ ఉంది. అది తొడుక్కుంట" అన్నాను.

"జాకెట్‌నే పెద్దగ జేస్కోరాదు?" అంది. వనజ మాటే ఆమె నోటా వచ్చింది గానీ ఈసారి నాకు కోపం రాలేదు. ఎందుకు చేసుకోనో మోపు దింపించి మరీ చెప్పాను. నాలుగు కుట్ల కథ అంతా విన్నది. విని మోపు ఎత్తమన్నది. ఎత్తాను, నా మెడ విరిగినంత పనైంది.

నడక అలవాటైందని చెబితే అబద్ధం. రోజూ లేవడానికి ఏడుపొచ్చేది. మోకాళ్లు రాత్రంతా సలిపేవి. తిరిగొచ్చే దారిలో బస్టాండు దగ్గర మిర్చిబజ్జీల వాసనకి కాళ్లు వాటంతటవే ఆగిపోయేవి. కొన్నాళ్లు ఆపుకున్నాను, కొన్నాళ్లు తిన్నాను. ఎండాకాలం అయ్యేసరికి జాకెట్ తొడిగి చూస్తే హుక్కులు ఇంకా రెండు వేళ్ల దూరంలో ఉన్నాయి.

అప్పుడే వానలు పట్టుకున్నాయి. గోదావరి ఎర్రగా పొంగింది, రోడ్డు మీద వాగులు పారాయి. నడక బంద్ పెట్టాను. ఇంట్లో కూర్చుంటే ఆయన జ్వరంతో పడుకున్న మంచం, అదే వాన చప్పుడు. ఇద్దరికి వండుకోవడం మళ్లీ మొదలైంది. ఏ రంజాన్‌కి ఏ జాకెట్ తొడిగితే మాత్రం ఎవరు చూడొచ్చారు అనుకున్నాను. అంత దిగులు ఆయన పోయిన ఏడు కూడా పడలేదు.

వాన కాస్త తెరిపిచ్చిన పొద్దున భీమక్క మా వరండాలోకి వచ్చి నిలబడింది. కట్టెలు తేలేదు.

"నడక బంజేసినవా?"

"వాన గద భీమక్కా."

"వాన మాకు పడ్తలేదా? లే. మా గుంపుల పిల్లలు జాకెట్లు కుట్టియ్యమంటున్నరు. కొలతలు తీసుకుందువు దా."

సంచీలో టేపు ఎలాగూ ఉంది. ఆమె వెనకే బురదలో, తునికి చెట్ల మధ్య కాలిబాటన నడిచాను. ఆయాసపడి ఆగినప్పుడల్లా ఆమె కూడా ఆగింది. ఈ బాటన మా ఆయన సైకిల్ ఎలా తొక్కాడో అనుకుంటూ పోయాను.

గుంపులో ఆడపిల్లలు చుట్టూ చేరారు. కొలత కోసం పాతవి తెమ్మంటే భీమక్క కూతురు ముత్తక్క ఒక గులాబీ రంగు జాకెట్ తెచ్చి ఇచ్చింది. అలవాటుగా లోపలి వైపు తిప్పాను. పక్కపక్కనే మూడు కుట్లు. ఎవరు కుట్టారని అడగాల్సిన పని లేకపోయింది, ఆ దగ్గరదగ్గర కుట్టు నాకు తెలుసు.

"సైకిల్ సాయబు కుట్టింది. మంచోడు. అంబలి పోస్తే తాగేటోడు" అంది ముత్తక్క.

మూడింటిలో ఒక్కటీ విప్పలేదు. ఇన్నేళ్లలో ఆ పిల్లకి విప్పాల్సిన అవసరం రాలేదు. ఆ ఎముకల గూడు చూస్తే ఎందుకు రాలేదో తెలుస్తూనే ఉంది, అయినా నాకు అసూయ పుట్టింది. ఆయన వేసింది వేసినట్టే ఆమె దగ్గర ఉంది, నేనేమో నా చేతులతో విప్పుకున్నాను. ఆ జాకెట్ ఒళ్లో పెట్టుకుని, కొలత తీస్తున్నట్టు నటిస్తూ చాలాసేపు ఉండిపోయాను. భీమక్కకి అర్థమైందనుకుంటా, పిల్లల్ని అవతలికి తోలింది.

ఆనాటి నుంచి అదే నా నడక. ఒక గుంపుకి కుట్టినవి ఇవ్వడం, ఇంకో గుంపుకి కొలతలకి పోవడం. సైకిల్ సాయబు భార్య వచ్చిందని ఎక్కడికి పోయినా పీట వేసేవాళ్లు. ఆయన కూర్చున్న చోటు చూపించేవాళ్లు, చెప్పిన జోకులు చెప్పేవాళ్లు, వాటిలో సగం నామీదే. "నా భార్య నాకంటే బాగ కుడ్తది, ఆమెకు చెప్పకుర్రి" అనేవాడట. ఆ మాట విన్న రోజు తిరుగుదారి అంతా ఏడుస్తూ నడిచాను. ఇంకా ఏమేం అన్నాడో వినాలని మర్నాడు మరింత దూరం పోయాను.

రంజాన్ నెల వచ్చింది, నెలవంక కనపడింది. పండుగ పొద్దున స్నానం చేసి జాకెట్ తీశాను. హుక్కులు పెట్టుకున్నాను, అన్నీ పడ్డాయి. పడటమే కాదు, చంకల కింద వదులుగా వేలాడింది. రెండు పక్కలా చిటికెడేసి గుడ్డ పట్టుకుని అద్దం ముందు అట్లాగే నిలబడ్డాను.

జాకెట్ ఒంటి మీంచి తీసి లోపలి వైపు తిప్పి చూశాను. నాలుగో కుట్టు చెక్కుచెదరలేదు. దానికి ఇవతల, మూడో కుట్టు ఉండిన చోట సాటిన్ మీద సూది బెజ్జాలు వరసగా అలాగే ఉన్నాయి. దారం నేను లాగేశాను గానీ బెజ్జాలు పోలేదు. మిషన్ మీద వేస్తే సూది వాటిలో పడదు. గడప దగ్గర వెలుతురులో కూర్చుని, చేతి సూదితో, ఆయన పెట్టిన బెజ్జాల్లోంచే ఒక్కొక్కటిగా కుట్టుకుంటూ పోయాను. సేమియా చల్లారిపోయింది. వనజ వచ్చి పిలిచినా లేవలేదు.

తొడుక్కుంటే ఒంటికి అతుక్కున్నట్టు పట్టింది. "చూడు" అన్నాను పైకే, మిషన్ వైపు తిరిగి.

నలభై దాటాక, థైరాయిడో బద్ధకమో మళ్లీ గెలిస్తే, ఈ మూడో కుట్టు విప్పాల్సి రావచ్చు. అది నేను వేసుకున్నదే, ఏడవకుండా విప్పగలను. నాలుగోది మాత్రం ముసల్దాన్నయ్యేదాకా అక్కడే ఉంటుంది. అప్పటిదాకా నడుస్తాను.