ఉప్పు లేని కొండ

తుఫాను వెలిసి ఆరు రోజులైంది. కొండ జారి అనంతగిరి వెళ్లే దారి పూడిపోయింది. ఫోన్లకు సిగ్నల్ లేదు. ఆ ఆరిళ్ల గూడెంలో చిటికెడు ఉప్పు కూడా లేదు. నీలవేణి ఇంటి రేకులు గాలికి లేచిపోయినప్పుడు ఉప్పుకుండలోకి వాన దిగి, ఉప్పంతా నీరై గోడ వెంట కారిపోయింది.

గెడ్డ పొంగి ఊటబావిని ముంచాక, ఆ నీళ్లు తాగిన ఆమె అత్తగారికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఆశా కార్యకర్త ఎప్పుడో ఇచ్చిన ఓఆర్ఎస్ పొట్లాలు మొదటి రోజుకే సరిపోయాయి. తర్వాత ఇరుగుపొరుగులు తలా కాస్త ఇచ్చిన ఉప్పును బెల్లంతో కలిపి పట్టారు. ఉప్పు అయిపోయిన మర్నాడు ముసలమ్మ పోయింది. ఆమెను పూడ్చి వచ్చిన పూటే నీలవేణి మొగుడు ఫల్గుణ మంచం పట్టాడు.

తెల్లారేసరికి అతని కళ్లు గుంటలు పడ్డాయి. చేతి మీద తోలు పట్టి లాగితే అలాగే నిలబడిపోతోంది.

"ఉత్త నీళ్లు నిలవవత్తా. ఉప్పు కావాలి," అంది హేమలత. ఆమె నీలవేణి అన్న కూతురు. విశాఖలో జియాలజీ చదువుతోంది. సెలవులకొచ్చి తుఫానులో చిక్కుకుంది.

నీలవేణి దిగ్గున లేచింది. "భూమిలో కూడా ఉప్పు పుడతాదని మొన్న నువ్వే సెప్పినావు కదే! మేకలు నాకే గుహలో గోడంతా తెల్లగా ఉంటాది. అది ఉప్పే!"

హేమలత ఏదో అనబోయేలోగానే గునపం అందుకుని బయల్దేరింది. పక్కింటి ముసలి మంగ్లు ఫల్గుణ దగ్గర కూర్చున్నాడు. హేమలత పెరట్లో ఒక నిమ్మకాయ తెంపుకుని అత్త వెనకే పరిగెత్తింది.

గుహలో నీలవేణి ఒక పెళ్ల రాల్చి నాలుక మీద పెట్టుకుంది. చప్పగా, సుద్దలా ఉంది.

"పైదింతే. లోపల ఉంటాది," అంటూ పొడుస్తూనే ఉంది. అరచేతులు పొక్కి రక్తం వచ్చింది.

హేమలత ఓ ముక్క తీసి నిమ్మరసం పిండింది. అది బుసబుసమని నురగ కక్కింది.

"సున్నపురాయత్తా. ఆపు."

"మీ మావ సచ్చిపోతన్నాడే! నాకు పాఠాలు సెప్పకు! భూమిలో ఉప్పుందన్నావు. ఏదీ? ఎక్కడ?"

హేమలతకు ఏడుపొచ్చింది. "ఇక్కడ కాదత్తా. రాతి ఉప్పంటే ఒకప్పటి సముద్రమే. కోట్ల ఏళ్ల కిందట ఓ పాయ విడిపోయి, ఎండకి ఇంకిపోతే ముందు సున్నం, తర్వాత జిప్సం, ఆఖరికి ఉప్పు అడుగున పేరుకుంటాయి. సోడియం, క్లోరిన్ కలిసి గట్టిపడిందే ఉప్పు. దాన్ని మట్టి కప్పేస్తాది. ఆ బరువుకి ఉప్పు మైనంలాగ మెత్తబడి, లోపల్లోపలే పైకి పొంగుతాది. మన కొండల్లో ఆ పొరలు నేవు. ఉన్నా ఇంత వానకి కరిగి కొట్టుకుపోవా? సముద్రం ఎండిన చోటే ఉప్పు ఉంటాదత్తా."

నీలవేణి గోడకు ఆనుకుని కూలబడింది. సముద్రం ఇక్కడికి ఎన్ని కొండల అవతలో! సముద్రం నుంచి ఈ కొండెక్కి వచ్చేదేముంది? సంతలో అమ్మే ఎండుచేపలు తప్ప.

ఆమె గునపం అక్కడే పారేసింది.

మంగ్లు ఇంట్లో పొయ్యి మీద ఉట్టిలో నాలుగు ఉప్పుచేపలున్నాయి. నీలవేణి వాటిని అడిగితే మంగ్లు తెల్లబోయాడు. "మడిసి అలాగుంటే సేపలేటమ్మా?"

"కూరకి కాదు మావా. వాటికి ఉప్పుంది. బేగి తియ్యి!"

మరిగించిన నీళ్లలో చేపలు వేస్తే పొట్టల్లో కుక్కిన ఉప్పు కరిగింది. గుడ్డలో వడగట్టి, మరో కుండెడు కాచిన నీళ్లు కలిపి, బెల్లం వేశారు. హేమలత రుచి చూసింది.

"కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉండకూడదు. ఇంకాస్త నీళ్లొయ్యత్తా."

మొదటి నాలుగు చెంచాలూ ఫల్గుణ కక్కేశాడు. నీలవేణి పది నిమిషాలాగి మళ్లీ పట్టింది. మళ్లీ కక్కాడు. "మింగవయ్యా, నీకు దండం పెడతాను," అంటూ చెంచా తర్వాత చెంచా పోస్తూనే ఉంది. మధ్యాహ్నం తిరిగాక ఫల్గుణ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నీసు కంపు," అన్నాడు, వినపడీ వినపడనట్టు. పొద్దుట్నుంచీ అతను అన్న మొదటి మాట అదే. పొద్దు వాలకముందే మూత్రం పోశాడు; ఒంట్లో నీళ్లు నిలుస్తున్నట్టే. హేమలత గుమ్మంలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు నలుగురు డోలీ కట్టి, విరిగిన కొండ మీదుగా అతన్ని దాటించి ఆసుపత్రికి చేర్చారు. అతను బతికాడు.

నీలవేణి మాత్రం నెల తిరిగినా సరిగ్గా తిండి తినలేదు. ఓ రోజు హేమలతకు ఫోన్ చేసి అంది: "మా అత్త పోయిన పొద్దు కూడా ఆ సేపలు మంగ్లు మావ ఉట్లోనే ఉన్నాయే. నేను రెండుసార్లు ఆ ఇంటికెళ్లినాను. వాసన కూడా వొచ్చింది నాకు."