పాయింటు లేని రిపోర్టు

యూనివర్సిటీలో ఫిజిక్సు డిపార్టుమెంటు వాళ్ల దగ్గర ఒక మిషను ఉంది. వెయ్యడుగుల లోతున బండ సందులో చెంబెడు నీళ్లు కదిలినా చాలు, పైన దాని సూది గంగిరెద్దులా తల ఊపుతుంది. పుట్టినప్పటి నుంచి అది ఒక్క తప్పు చెప్పి ఎరగదు. అలాంటి మిషనును వెంటబెట్టుకుని అరుణజ్యోతి శింగనమల అవతల మెట్ట మీద, బయ్యన్న అనే రైతు చేన్లో నిలబడి ఉండగా మధ్యాహ్నం ఒంటిగంట దాటింది.

నిలబడింది అనడం మర్యాద కోసం. నిజానికి ఆ పిల్ల మోకాళ్ల మీద కూర్చుని ఇనుప కడ్డీని సుత్తితో నేలలోకి దిగ్గొడుతోంది. ఫిజిక్సులో ఎమ్మెస్సీ అంటే ఫ్యాను కింద చేసే చదువని ఆమె తల్లి ధర్మవరంలో ఇంటింటికీ చెప్పుకుంది. ఇక్కడ ఫ్యాను లేదు. జానెడు దిగేసరికి కడ్డీ ఎగిరి, ఆ దెబ్బ మోచేతి దాకా జిల్లుమంటోంది. పొద్దుటి నుంచి ఇది మూడో చోటు. అరచేతిలో బొబ్బ లేచి, పగిలి, దానంతటది ఎండిపోయింది కూడా.

పని ఇంతే. ఒకే వరసలో నాలుగు కడ్డీలు పాతాలి. బయటి రెండింటికి బ్యాటరీ కరెంటు ఇవ్వాలి, లోపలి రెండింటి దగ్గర నేల దాన్ని ఎంత అడ్డుకుంటోందో కొలవాలి. బయటివి పీకి ఇంకా దూరం జరిపి మళ్లీ పాతాలి. దూరం పెరిగేకొద్దీ కరెంటు నేలలో లోతుకు దిగుతుంది. మధ్యలో మిషను దగ్గర, కర్రకు కట్టిన గొడుగు కింద, సీనియరు రాఘవేంద్ర అంకెలు రాసుకుంటున్నాడు. అతనిది పీహెచ్డీలో ఆరో ఏడు. థీసిస్ పద్నాలుగు నెలలుగా వాళ్లిద్దరికీ గైడైన సారు బీరువాలో ఉంది.

ఎండిన నేల కరెంటును పట్టదు. అందుకని కడ్డీ మొదట్లో ఉప్పునీళ్లు పొయ్యాలి. నాలుగు రోజులకొకసారి వచ్చే కొళాయి నుంచి పట్టి దాచుకున్న బిందెను బయ్యన్న పెండ్లాం హనుమంతమ్మ చంకన పెట్టుకుని తెచ్చింది. ఒక్కో కడ్డీ కింద చెంబెడేసి నీళ్లు గుటకేసినట్టు మాయమవుతుంటే చూసి చూసి ఇక ఊరుకోలేకపోయింది.

“ఏమప్పా, నీళ్లు యాడుండాయో చూస్తామని వచ్చి, ఇంట్లో ఉండే నీళ్లు మంట్లో పోపిస్తాండారే! మీకన్నా మా కోళ్లు నయం, తాగి పోతాయి.”

“నేలకు దాహం తీరితేనే మాట్లాడతాదక్కా,” అన్నాడు రాఘవేంద్ర.

“దీనికి దాహం తీరేది యాడిది? నాలుగు బోర్లు మింగినా తీరలే.”

ఆ నాలుగూ చేన్లోనే ఉన్నాయి. మూతికి గోనెపట్ట కుక్కి, మీద ఒక రాయి పెట్టి ఉన్నాయి. నాలుగింటికీ పాయింటు, అంటే బోరు వెయ్యాల్సిన చోటు, చూపించింది టెంకాయే. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిచిన మనిషి, అది నిట్టనిలువుగా లేచిన చోట కాలితో గీత గీసి పోయాడు. ఐదోసారి బయ్యన్న టెంకాయను నమ్మదలచుకోలేదు. చదువును నమ్మదలచుకున్నాడు. రెండు జెర్సీ ఆవుల్ని అమ్మి ఆ దుడ్లు తుండుగుడ్డలో చుట్టి హనుమంతమ్మ చేతికిచ్చాడు. సాయంత్రానికి బోరు వేసే రిగ్గు లారీ వస్తుంది.

ఇక్కడ ఒక మాట సవరించుకోవాలి. మిషను గురించి మొదట చెప్పింది కొంచెం ఎక్కువైంది. వెయ్యడుగులు కాదు. బయ్యన్న చేను ఈ మూల నుంచి ఆ మూలకు వైరు లాగితే రెండు వందల అడుగుల దాకా నమ్మకం, ఆ కిందది దానికీ తెలియదు. సూది కూడా లేదు, అంకెలు వెలిగే డబ్బా. ఒక పక్క మూత ఊడితే రబ్బరు బ్యాండు వేశారు. తప్పు చెప్పి ఎరగదన్నది మాత్రం నిజం. ఎందుకంటే అది నీళ్లని ఎప్పుడూ చెప్పదు. అంకె చెబుతుంది. నీళ్లని చెప్పేది మనుషులు.

ఆ చెప్పడానికి డిపార్టుమెంటులో ఒక పద్ధతి ఉంది. రైతును తెచ్చేవాడు రిగ్గు ఏజెంటు జయరాం. పిల్లలు ప్రాజెక్టు పేరుతో చేన్లకు పోయి కొలుస్తారు. సారు మూడేళ్లుగా ఏ చేన్లోనూ కాలు పెట్టలేదు, రిపోర్టు కాగితాల మీద ముందే సంతకాలు పెట్టి ఇస్తారు. ‘పాయింటు’ అన్నచోట ఖాళీ ఉంటుంది, దాని కింద ‘సర్వే చేసినవారు’ అని పిల్లల సంతకానికి చోటు. పాయింటు లేకుండా ఇంతవరకూ ఒక్క రిపోర్టూ పోలేదు. ఏ చోటూ బాగా లేకపోతే ఉన్నవాటిలో తక్కువ చెడ్డదాన్ని రాయాలి. పాయింటు ఉంటేనే రిగ్గు కదులుతుంది, రిగ్గు కదిలితేనే జయరాంకు కమీషను. ఆ కమీషనులో ఒక పాయ ఎటు పారుతుందో అందరికీ తెలుసు. అన్నీ కొలిచే డిపార్టుమెంటులో దాన్ని మాత్రం ఎవరూ కొలవలేదు.

అరుణజ్యోతికి ఈ కొలతలతో ఇంకో పనీ ఉంది. ఫిజిక్సు పిల్లల కోసం వాళ్ల క్యాంపసుకు వచ్చేది ట్యూషన్ కంపెనీలు, ప్రైవేటు కాలేజీలు. పన్నెండు వేలిస్తామంటారు, పదిమందిలో ఇద్దరికి ఇస్తారు. ఈసారి బెంగుళూరులో ఒక పరిశోధన సంస్థ ప్రాజెక్టు అసిస్టెంటు కోసం పిలిచింది. నెలకు ముప్పైఒక్క వేలు. వాళ్ల నాయన కుళ్లాయప్ప పన్నెండు రోజులు మగ్గం గుంతలో కాళ్లాడిస్తే చేతికొచ్చేది నాలుగు వేలు. ఇంటర్వ్యూలో జ్యోతి పేరు పైకి వచ్చింది. ప్రాజెక్టు చేయించిన సారు సిఫారసు ఉత్తరం ఒక్కటే బాకీ. సోమవారం ఆఖరు తేదీ.

ఆఖరి అంకె రాశాక రాఘవేంద్ర గ్రాఫు కాగితం మీద చుక్కలు కలిపాడు. బయ్యన్న వంగి చూశాడు. గీత ఎడమ నుంచి కుడికి ఎక్కడా ఆగకుండా ఏటవాలుగా పైకి లేచింది. పొద్దుటి రెండు కాగితాల్లోనూ అంతే. బయ్యన్న ముఖం విప్పారింది.

“లేస్తాండాది మేయ్! మూడు చోట్లా లేచింది. గంగమ్మ పైకి తంతాందన్నట్టే కదా పాపా?”

రాఘవేంద్ర తన చెప్పుల వైపు చూసుకున్నాడు. జ్యోతి గ్రాఫు తీసుకుంది.

“కాదు బయ్యన్నా. గీత లేచిందంటే బండ. పగులు లేని బండ. నీళ్లుండే పగులుంటే ఈడ గీత కిందికి దిగాల.”

“ఇదేం చదువమ్మా! పైకి పొయ్యేది చెడ్డదీ, దిగేది మంచిదీనా?”

“ఈ ఒక్కదాంట్లో అంతే.”

అప్పుడే బండి దిగి వచ్చిన జయరాం నవ్వాడు. “పిల్లలకు ఏం తెలుస్తాదన్నా. రెండొందల అడుగులు చూసే డబ్బా అది. మనం పొయ్యేది ఎనిమిదొందలు. రాయి పాపా, మూడోదాంట్లో పాయింటు రాయి. రిగ్గు నార్పల దాటింది.”

“ఎనిమిదొందల అడుగుల కాడ ఏముందో నాకు తెలీదన్నా.”

“తెలీకుంటే ఉండాదని రాయొచ్చు కదా!”

“లేదని కూడా రాయొచ్చు.”

జయరాం ఫోను తీసి సారుకు కలిపి ఆమె చేతికిచ్చాడు. సారు గొంతు మెత్తగా ఉంటుంది. క్లాసులో కూడా ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగరు.

“అరుణజ్యోతీ, భోంచేశారామ్మా? ‘అవకాశం కలదు’ అని రాయి. అవకాశం అంటే అబద్ధం కాదు కదా. నీ ఉత్తరం టైపయింది, సంతకమే మిగిలింది. సోమవారం పొద్దున రిపోర్టు తెచ్చిచ్చి అది పట్టుకుపో.”

ఆమె ఫోను తిరిగి ఇచ్చేసింది. రాఘవేంద్ర దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “నేనూ మొదటేడు ఇట్లే అనుకున్యా జ్యోతీ. ఒక్క సంతకం. ఆ తర్వాత చెయ్యి దానంతటదే పోతాది.”

“నీది ఎన్ని పోయింటాయి రాఘవన్నా?”

“నలభై.”

“వాటిల్లో నీళ్లు ఎన్నింట్లో పడినాయి?”

అతను వైరుకు అంటిన మట్టి దులిపాడు. మళ్లీ పోయి చూసి ఉంటే కదా చెప్పడానికి.

జ్యోతి కాగితాన్ని మిషను మూత మీద పెట్టుకుంది. బొబ్బ పగిలిన చేత్తో, పాయింటు అన్నచోట రాసింది. ‘రెండు వందల అడుగుల వరకు నీటి జాడ లేదు. ఆ కింద సంగతి మాకు తెలియదు. పాయింటు లేదు.’ కింద సంతకం పెట్టింది. రాసింది బయటికి చదివి వినిపించి కాగితం బయ్యన్న చేతిలో పెట్టింది.

అందరికంటే ముందు కోపమొచ్చింది బయ్యన్నకే. “నా చేన్లో నీళ్లు లేవని రాసేదానికి ఇంత దూరం వస్తివా? ఆవుల్ని అమ్ముకున్యా పాపా!”

“ఆ దుడ్లు ఇంకా మీ కాడే ఉండాయి కదన్నా.”

ఆ మాటకు హనుమంతమ్మ ముడి వేసి నడుముకు దోపుకున్న తుండుగుడ్డను చేత్తో తడిమి చూసుకుంది. గుడిసెలోకి పోయి, చెంబెడు మజ్జిగ తెచ్చి జ్యోతి చేతికిచ్చింది. జ్యోతి నిలబడే తాగింది.

తర్వాత వైర్లు చుట్టుకుంది. మోచేతికీ బొటనవేలికీ మధ్య, వాళ్లమ్మ పట్టు దారం చుట్టినట్టే, ఒక్క చిక్కు లేకుండా. రాఘవేంద్ర కడ్డీలు పీకాడు.  ఆ రోజు కడ్డీలన్నీ తనే మోశాడు. దూరంగా రోడ్డు మీద రిగ్గు లారీ దుమ్ములోంచి హారన్ కొట్టింది. జయరాం బండి సంచిలో చెయ్యి పెట్టి ఒక టెంకాయ తీసి, “ఇది అబద్ధం చెప్పదులేన్నా” అంటూ బయ్యన్న కుడిచేతిలో పెట్టాడు. ఎడమచేతిలో కాగితం ఉంది. రెండు చేతులూ చాచి బయ్యన్న చేను మధ్యలో, తడి ఆరిపోతున్న నాలుగు కడ్డీ గుంతల పక్కన అట్లే నిలబడిపోయాడు. హనుమంతమ్మ నడుము మీది నుంచి చెయ్యి తియ్యలేదు.

లారీ చేన్లోకి దిగిందా, వెనక్కి తిరిగిందా అన్నది ఈ కథ చెప్పేవాడికి తెలియదు. సోమవారం సారు తలుపు ముందు ఆ పిల్ల ఎంతసేపు నిలబడిందో కూడా తెలియదు. తెలియనిదాన్ని తెలుసని చెప్పకూడదని ఆమె దగ్గరే నేర్చుకోవాల్సి వచ్చింది, ఈ వయసులో.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ మజ్జిగ చెంబు చెప్పేవాడు కల్పించింది. ఆ పిల్లను ఎండలో అంతసేపు నిలబెట్టి ఉత్తచేతులతో పంపడానికి మనసొప్పక పెట్టింది. ఆ రోజు ఆ చేన్లో ఆమెకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఎండిన నోటితో మూడు మైళ్లు నడిచి బస్సెక్కింది.