పై గుప్పెడు

నేను ఒక పిడికెడు తెల్లని పొడిని. ఇప్పుడు తెల్లగానూ లేను, పొడిగానూ లేను. ఒక సిమెంటు తొట్టి అడుగున ఎర్రని బురదగా పడి ఉన్నాను. అయినా తమను గురించి చెప్పుకోవలసి వచ్చిన ప్రతివారూ, తాము ఏమి కావాలనుకున్నారో అక్కడినుంచే మొదలుపెడతారు. నేనూ అంతే.

నా పుట్టుక సుబాబుల్ చెట్టులో. కర్రలో గట్టి నారలుంటాయి, వాటిని బిగించే జిగురుంటుంది. ఆ రెంటి నడుమ ఎటూ చెందని మెత్తదనంగా నేనుండేదాన్ని. శాస్త్రజ్ఞులు నాకు హెమీసెల్యులోజ్ అని పేరు పెట్టారు. పేరైతే పెట్టారు గాని, లక్ష్యపెట్టలేదు. కాగితపు మిల్లులో నారను ఉంచుకుని, తక్కినదాన్ని నల్లని ద్రవంగా కొలిమికి పంపుతారు. నా వంశంలో చాలామంది అలా పొగైపోయినవారే. ఆ మంటతో తయారైన తెల్లకాగితం మీదనే మనుషులు దేనినీ వృథా చేయరాదని అచ్చువేసుకుంటారు.

నన్ను కొలిమి నుంచి తప్పించినది కరీమున్. ఒక కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే ఆమె, కలప అడితి నుంచి రంపపు పొట్టు బస్తాలు తెప్పించి కాస్టిక్ సోడా నీటిలో నానబెట్టింది. వడగట్టిన నీటిని ఆల్కహాలులో పోయగానే, పాలు విరిగినట్టు నేను తెల్లగా విడివడ్డాను. అంతటితో వదిలిపెట్టలేదు. నత్రజనిని మోసే ఒక చిన్న అణువును నా పొడవునా తగిలించింది. నా ఒంటినిండా ధనావేశం మొలిచింది.

అంతవరకు నేను దేనినీ కోరి ఎరగను. ఆ రోజు నుంచి, ఋణావేశమున్న ప్రతిదాని వైపూ లాగబడసాగాను. కోరిక అంటే ఇదేనేమో. అది నాలో పుట్టలేదు, ఎవరో తగిలించారు. అయినా నాదే అయింది.

నూలుకు అద్దే రంగు నీటిలో కలిసినప్పుడు దాని కణాలన్నీ ఋణావేశంతో ఉంటాయి. ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కనుక ఎన్నాళ్లున్నా అడుగుకు దిగవు. నేను వాటి మధ్యకు వెళ్లి పట్టుకుంటే ముద్దలై దిగిపోతాయి, పైన తేటనీరు మిగులుతుంది. నన్ను చేసినది అందుకే.

నేను అవసరమైనది గోలి నాగభూషణానికి. సముద్రానికి నాలుగు మైళ్లలో ఉన్న ఒక చేనేత ఊళ్లో ముప్పయ్యేళ్లుగా నూలుకు రంగు వేస్తున్న మనిషి. అతని షెడ్డు నుంచి పారిన నీరు పక్కవీధి బావుల్లోకి దిగింది. శుక్రవారం అధికారి వచ్చి చూసేసరికి నీళ్లు తేరకపోతే షెడ్డుకు సీలు వేస్తామని కాలుష్య నియంత్రణ మండలి నుంచి నోటీసు వచ్చింది. సీలు పడితే బతకడానికి అతనికి వేరే విద్య రాదు.

కరీమున్ రెండుసార్లు వచ్చి, షెడ్డు బయట వాడేసిన రంగునీళ్లు నిలిపే తొట్టిలో తన చేత్తోనే నన్ను కలిపి చూపింది. రెండుసార్లూ నీరు తేరింది. వెళ్తూ నన్ను చిన్న కవర్లలో కట్టి ఇచ్చింది.

"తొట్టికి ఒక్క కవరు, అంతే బాబాయ్. శుక్రవారం నేనొచ్చేస్తాగా."

శుక్రవారం ఆమె ఎక్కిన బస్సు దారిలో ఆగిపోయింది. అధికారి జీపు ఆగలేదు. అది మలుపు తిరగడం చూసి నాగభూషణం కవరు విప్పాడు. బకెట్టు నీళ్లలో కలిపి తొట్టిలో పోశాడు. తరువాత రెండో కవరులో చెయ్యి పెట్టాడు.

"ఒకటే అంది కదయ్యా ఆ పిల్ల," అంది భార్య మంగతాయి.

"ఒకటే ఏశాగా."

"మరా చేతిలోదేంది?"

"ఇది చౌడమ్మ తల్లిది. పై గుప్పెడు ఉప్పెయ్యకుండా ఏనాడన్నా బాన దించానా? నే రంగేసిన చీర ఎలిసిందని ఎవురన్నా తెచ్చి నీ మొహాన కొట్టారా?"

"నా మొహాన కొట్టలా. నీ మొహానే కొట్టారు, ఆ నోటీసు."

అద్దకంలో ఉప్పు రంగును నూలుకు పట్టిస్తుంది. కొలత ప్రకారం వేశాక, కళ్లు మూసుకుని అమ్మవారి పేర మరో గుప్పెడు వేయాలని అతని తండ్రి నేర్పాడు. ఉప్పు విషయంలో ఆ భక్తి ఎన్నడూ చెడుపు చేయలేదు. నాగభూషణం కళ్లు మూసుకుని నన్ను తొట్టిలో వేసి, కర్రతో తిప్పాడు.

సరిపడినంతగా నేను ముందే అక్కడ ఉన్నాను. ప్రతి రంగు కణానికీ పట్టుకునే చెయ్యి ఒకటి దొరికింది. అంతలో రెండో చెయ్యి, మూడో చెయ్యి వచ్చి పడ్డాయి. కణాలన్నీ నా ఆవేశంతో నిండి నాలాంటివే అయిపోయాయి. మళ్లీ ఒకదాన్నొకటి నెట్టుకోసాగాయి. కలపడానికి వెళ్లిన నేనే వాటిని విడదీశాను.

అధికారి గాజుగ్లాసు ముంచి ఎండకు ఎత్తాడు. "ఏమండీ, ఇదేనా తేటనీళ్లు? దానిమ్మరసంలా ఉంది."

"కాసేపాగండి సారూ, దిగుద్ది. మొన్న దిగింది." అతని చెయ్యి మళ్లీ కవరు వైపు వెళ్లింది.

"ఇక ఏమీ కలపకండి," అన్నాడు అధికారి.

అతను చెడ్డవాడు కాడు. అరగంట ఆగాడు. ఆ అరగంట నేను పడిన యాతన ఎవరికీ తెలియదు. నాలుగు బారల దూరంలో పీపా నిండా వాడేసిన ఎర్రనీళ్లు ఉన్నాయి. అవి తెచ్చి పోస్తే చాలు. పనిలేక మిగిలిన నా చేతులన్నిటికీ పని దొరుకుతుంది. పోయండి, పోయండి అని తొట్టి అంతటా కొట్టుకున్నాను. నోరు లేనిదాన్ని. నోరున్నా ఏం లాభం? మురికి తేరడానికి ఇంకొంత మురికి పోయమంటే ఏ బుద్ధిమంతుడు వింటాడు?

మంగతాయి ఇచ్చిన మజ్జిగ తాగి, తాగినందుకు సిగ్గుపడుతూనే అధికారి లక్క కరిగించాడు. షెడ్డు తలుపుకు సీలు పడింది. జీపు వెళ్లిపోయింది.

నాగభూషణం తొట్టి పక్కన చాలాసేపు కూర్చున్నాడు. ఉన్నట్టుండి లేచి, పీపాను దొర్లించుకుంటూ వచ్చి తొట్టిలోకి వంచేశాడు. "ఇదీ పోనీ. ఇంకేం చేసుకోను?"

నేను పట్టుకున్నాను. ఒక్కొక్క కణాన్నీ పట్టుకుని, ముద్దలై, మంచు కురిసినట్టు అడుగుకు దిగాను. పైన నీరు తేరుతూ వచ్చింది. తొట్టి లోపలి గోడ మీద, సిమెంటు ఆరకముందు అతని తండ్రి అద్దిన అరచేతి గుర్తు ఒక్కొక్క వేలే బయటపడింది.

"దిగిందయ్యా," అంది మంగతాయి, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

కరీమున్ అప్పుడు వచ్చింది, సంచీ భుజాన, చెప్పు తెగి. తలుపు చూసింది. నీళ్లు చూసింది. "ఎంత వేశారు బాబాయ్?"

"చెప్పినంతే తల్లీ." విప్పిన రెండో కవరును మడిచాడు. "పైన ఒక్క గుప్పెడు."

ఆమె తొట్టి గట్టు మీద కూలబడింది. "ఎక్కువైతే పనిచెయ్యదని నేను చెప్పనేలేదు," అంది. "ఎంతెయ్యాలో చెప్పి ఊరుకున్నా."

ఆమె సంచీలోంచి సీసా తీసి, నీటిని నింపి, మూత బిగించింది. చీటీ మీద తేదీ రాసింది. వేళ రాయబోయి, తలుపు మీది సీలు వైపు చూసి ఆగింది. నీరు ఎంత తేటగా ఉన్నదంటే, అడుగున ఉన్న నాకు ఆమె కలం ఆగడం కనిపించింది.