అట్టపెట్టెల వీధి

నేను పాఠం చెప్పే నాలుగో తరగతికీ పక్కనున్న ఐదో తరగతికీ మధ్య గోడ లేదు. మనిషి ఎత్తుకన్నా కాస్త ఎక్కువగా చెక్క అడ్డు ఉంది, దానిపైన అంతా ఖాళీ. ఇటు తుమ్మితే అటు ఉలిక్కిపడతారు. అవతల పాఠం చెప్పేది లెక్కల మాస్టారు. ఆయన ఆ చెక్కమీద స్కేలుతో కొట్టారంటే మా గోల ఎక్కువైందని అర్థం. పిల్లలు ఖాళీ అట్టపెట్టెలతో నేలమీద వీధి కట్టడం మొదలుపెట్టాక ఆయన స్కేలుకి తీరిక లేకుండా పోయింది.

చివరికి పెద్ద మేడమ్ నన్ను పిలిచారు.

"చూడమ్మా, పిల్లలకి నువ్వంటే ఇష్టం, కాదనను. కానీ చనువిస్తే చంకెక్కుతారు. రేపు కూడా ఆ గోల నా గదిదాకా వినిపించిందంటే కత్తెరలూ జిగురూ బీరువాలో పెట్టించేస్తా. డిక్టేషన్ చెప్పుకుందువుగాని."

నేను చదివిన పల్లెటూరి బడిలో టీచర్ల గొంతులు పొలాలు దాటేవి. నాది చివరి బెంచీ కూడా దాటదు. అరవడం రాదు, బెత్తం పట్టడం ఇష్టం లేదు. అందుకే పిల్లలకి ఉన్నమాట చెప్పేశాను. "మనం ఇలాగే అరిస్తే పెద్ద మేడమ్ కత్తెరలు పట్టుకుపోతారు, వీధి ఆగిపోతుందర్రా."

అందరూ రేడియో వైపు తిరిగారు. రేడియో అంటే కిటికీ పక్కన కూర్చునే పిల్ల. నిద్రలో కూడా మాట్లాడుతుందని ఆ పేరు వాళ్ళమ్మే పెట్టింది.

"నన్ను చూస్తారేంటి? నేనొక్కదాన్నేనా?" అంది. మళ్ళీ తనే, "టీచర్, నోళ్ళు మూసుకుని చేతుల్తో మాట్లాడుకుంటే?" అంది.

"నీ నోటికి తాళం వేస్తే ఆ తాళమే మాట్లాడుతుంది," అన్నాడు ముందు బెంచీ పొట్టోడు.

"ముందు నువ్వు ముక్కు తుడుచుకో!"

అలా ఆ పూటే సైగలు తయారయ్యాయి. రెండు వేళ్ళు ఆడిస్తే కత్తెర. అరచేతులు రుద్దితే జిగురు. చెవి పట్టుకుంటే 'అది నాది, ఇచ్చెయ్'. దానికి చెవెందుకో నాకిప్పటికీ తెలియదు.

మర్నాడు కత్తెరల చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ లేదు. రేడియో జడ కొస పళ్ళమధ్య బిగించి, బుగ్గలు ఉబ్బించుకుని ఆసుపత్రికి తలుపులు అంటిస్తోంది. తన దుకాణం మీద ఎవరో కూర్చుంటే పొట్టోడు రెండు చెవులూ పట్టుకుని గంతులేశాడు. నవ్వు ఆపుకోలేక నేనే కిటికీలోంచి బయటికి చూశాను.

ఇంతలో అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. చెక్కపైన మాస్టారి తల కనిపించింది.

"ఏమ్మా, పిల్లలున్నారా? ఇళ్ళకి పంపేశావా?"

అందరూ ఆయన వైపు తిరిగి పెదవులమీద వేలు పెట్టారు. ఆయన కూడా, పాపం, తెలియకుండానే పెట్టుకున్నారు. అది చూసి ఆయన పిల్లలు "మాకూ, మాకూ" అంటూ బెంచీలెక్కారు. ఇక అటు ఇల్లు పీకి పందిరేసినంత పనైంది.

పెద్ద మేడమ్ పరుగున వచ్చారు, తిన్నగా మా గదికే. తీరా చూస్తే మావాళ్ళు కిక్కురుమనడం లేదు. మాస్టారు మాత్రం ఇంకా కుర్చీమీదే నిలబడి ఉన్నారు.

"మాస్టారూ, మీరెక్కారేంటండీ?"

"నిశ్శబ్దంగా ఉంటే కంగారేసిందండీ," అన్నారాయన దిగకుండానే.

మేడమ్ వీధి పొడవునా నెమ్మదిగా నడిచారు. "అన్నీ ఉన్నాయి. మరి బడేదే?" అని రేడియోని అడిగారు. అది నా వైపు చూసింది. తలూపాను. జడ నోట్లోంచి తీసింది.

"బడి కావాలనే పెట్టలేదండీ. బడంటే అల్లరౌతుంది. పక్కాయన గోడమీద కొడతాడు. మీరొచ్చి కత్తెరలు పట్టుకుపోతారు. అప్పుడు మొత్తం వీధే ఆగిపోతుంది కదండీ!"

మేడమ్ పెదవి చివర నవ్వు వచ్చి ఆగింది.

"బడి లేకపోతే ఈ వీధి పిల్లలు ఎక్కడికి పోతారే?"

ఇక చూడాలి. నోళ్ళన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. మేడమ్ చెవులు మూసుకున్నారుగానీ కత్తెరల ఊసెత్తలేదు. "ముందు బడి కట్టండి. రేపొచ్చి చూస్తా," అన్నారు.

"పెట్టెలైపోయాయండీ," అంది రేడియో.

చెక్కమీంచి మాస్టారి చెయ్యి కిందికి దిగింది, సుద్దముక్కలు దులిపేసిన ఖాళీ డబ్బా పట్టుకుని.

"ఇదిగోండర్రా. కిటికీలు మాత్రం మా వైపుకి పెట్టండి."