తన ఓవెన్ దగ్గర ఇంకొకడు

ఈపాటికి వాడు ఓవెన్ తలుపు తెరిచే ఉంటాడు, మెల్లగా తెరవాలి, దభాలున లాగితే కేకు నడుమ కుంగిపోతుంది, ఆ సంగతి ఆ ఉంగరాల జుట్టువాడికి తెలియకపోతే బాగుండు, కుంగిపోతే మరీ బాగుండు, అనుకుంటూ కేకు మాస్టారు మంచం మీద అటూ ఇటూ దొర్లాడు, వాంతులు కట్టేశాయి, విరేచనాలు ఆగాయి, పొద్దున తాగిన గంజి కడుపులో నిలిచింది, మనిషి గుండ్రాయిలా ఉన్నాడు, అయినా బేకరీ గుమ్మం తొక్కకూడదట, వైరస్ అండీ, మీకు తగ్గినా అది మీలోంచి ఇంకా పోలేదు, ఇంకో రెండ్రోజులు ఎవరికీ వండిపెట్టకండి అన్నాడు డాక్టరు, ఓనరు ఇంకో ఆకు ఎక్కువే చదివాడు, హాయిగా పడుకోండి మాస్టారూ, కొత్తతను చూసుకుంటాడుగా అన్నాడు, ఆ చూసుకుంటాడుగా అన్న ముక్క జబ్బుకన్నా ఎక్కువగా పీడించింది, కౌంటరు అమ్మాయి కూడా అతను క్రీము పువ్వులు భలే వేస్తాడండీ అందట, ఇన్నేళ్లుగా తను వేసినవి ముళ్లకంపలు కాబోలు, కుళ్లంటే కుళ్లే, దాచుకోవడం దేనికి, ఒళ్లు మండిపోతోంది, రేపటి పెళ్లి కేకు కూడా వాడి చేతి మీదుగా వెళ్తే ఇక తను ఉన్నా ఒకటే ఊడినా ఒకటే, నా చొక్కా ఏదీ అన్నాడు, ఎక్కడికీ అంది భార్య, తగ్గిపోయిందిగా, తగ్గింది మీకు, తినేవాళ్ల మాటేంటి, అంటూ ఉన్న ఒక్క ఇస్త్రీ చొక్కానీ తీసుకెళ్లి బకెట్లో ముంచేసింది.

అప్పుడే ఫోను, ఆ కొత్తవాడే, ఎలా ఉన్నారు మాస్టారూ, కేకు చెడిందేమోనని మాస్టారుకి ప్రాణం లేచొచ్చింది, కేకు కుంగిందా అన్నాడు, అబ్బే, పని బానే అవుతోందండీ, పొద్దున్నుంచీ కడుపులోనే గడబిడ, రెండుసార్లు కక్కేశా, ఎవరికీ చెప్పకండి, మీకు ఏ మందు పనిచేసిందో చెప్పండి చాలు, ఈ పెళ్లి కేకు అవగొట్టేస్తా.

ఓనరుకి చెప్పకపోతే చాలు, రేపు పెళ్లివారంతా బాత్రూముల ముందు వరసకడతారు, వీడి పీడ విరగడవుతుంది, సరే చెప్పన్లే అన్న మాట పెదవుల దాకా వచ్చింది, తీపిగానే ఉంది, కానీ నోరు ఊరుకుంటేనా, అంత బాధపడుతూ అక్కడ వేలాడకపోతే ఇంటికి పోవచ్చుగా అనేశాడు, నేను పోతే మీరొచ్చేస్తారుగా అన్నాడు వాడు, ఓనరుకి రోజంతా మీ జపమే, మాస్టారు ఇలా చేసేవాడు, మాస్టారు అలా చేసేవాడు, వినలేక చస్తున్నానండీ, మీ చేతి కేకు దిగాక నా మొహం ఎవడు చూస్తాడు.

మాస్టారు లేచి కూర్చున్నాడు, చేసిందంతా పారేయ్, సబ్బుతో చేతులు కడుక్కుని ఇంటికి పో, నేనూ రాను, పెళ్లివాళ్లు ఇంకోచోట కొనుక్కుంటారు, ఓనరుతో నేను మాట్లాడతా అన్నాడు, ఫోను పెట్టేశాక కూడా దాన్ని చేతిలోంచి వదల్లేదు, కోపంతో కాదు, ఓనరు ఏనాడూ మొహాన ఒక్క మంచి మాట అనలేదు, ఇన్నేళ్లలో తన పనిని ఇంతగా మెచ్చుకున్నవాడు ఈ కుళ్లుబోతు వెధవ ఒక్కడే.