ఎడమ బుగ్గలో గుండుసూది

పొడవు గౌను తొడుక్కుని టీచరమ్మ స్టూలు మీద నిలబడింది. దర్జీ ఆవిడ కింద మోకాళ్ల మీద కూర్చుని, పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి అంచు మడతకు గుచ్చుతోంది. ఆఖరిది పెదవి జారి, ఎడమ బుగ్గకూ చిగురుకూ మధ్యకి పోయింది.

ఇరవై ఏళ్ల పనిలో ఇలా ఎన్నిసార్లు జారలేదు! నాలుకతో ఒక్క తోపు తోస్తే మళ్లీ పెదాల మీదికి వచ్చేసేవి. ఇప్పుడూ తోసింది. నాలుక ఎడమ అంచు లేవలేదు.

మూడు నెలలుగా మాట ముద్దగా వస్తోంది. తిన్నది ఆ బుగ్గలోనే ఉండిపోతోంది. తొమ్మిదేళ్ల కిందట గొంతులో క్యాన్సరు గడ్డకు రేడియేషన్ కరెంటు పెట్టించుకుంది. ఆ గడ్డే తిరిగొచ్చిందేమోనన్న భయంతో ఎవరికీ చెప్పకుండా, పొడిపొడి మాటలతో రోజులు నెట్టుకొస్తోంది.

"పొడుగు సరిపోయిందా?" టీచరమ్మ అడిగింది.

తల ఊపింది. మాట్లాడితే సూది గొంతులోకి పోతుందేమో. కరెంటు పెట్టినప్పటి నుంచి దవడ రెండు వేళ్ల మేరకే తెరుచుకుంటుంది. ఎలాగో వేలు దూర్చింది. సూది ఇంకాస్త వెనక్కి జరిగింది.

మిషను మీద ఉన్న మరదలు కుట్టు ఆపింది. "ఏంటి వదినా, పొద్దున్నే నా మీద అలిగావా?" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి లేచి వచ్చింది.

నోరు తెరిస్తే నాలుక సంగతి బయటపడుతుంది. తెరవకపోతే సూది లోపలే ఉంటుంది. ఊపిరి బిగబట్టి, మరదలి చెయ్యి పట్టుకుని బుగ్గ చూపించింది.

"కదలకు. మింగావో, చంపేస్తాను!" దారాలు పీకే చిన్న పట్టకారుతో మరదలు సూది లాగింది. కానీ చూపు నోటి మీంచి తిప్పలేదు. "నాలుక చాపు."

చాపింది. అది ఎడమవైపుకు ఒరిగింది. ఆ సగం బక్కచిక్కి, ముడతలు పడి ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూణ్ణెల్లు. మళ్లీ అదేనంటావా?"

"నేనేమైనా డాక్టర్నా? అడిగేవాళ్లనే అడుగుదాం పద. దాచడంలో మా అన్నయ్యని మించిపోయావు!"

స్కానింగు అయిన నాలుగో రోజు డాక్టరమ్మ చెప్పింది. "గడ్డ లేదు. అప్పటి కరెంటు వల్ల గొంతులో కండ గట్టిపడి, నాలుకకు పోయే నరం ఏళ్ల తరబడి మెల్లగా దెబ్బతింది. పోయిన సత్తువ తిరిగి రావడం కష్టం. ఉన్నది నిలుపుకోవడానికి వ్యాయామాలు నేర్పిస్తారు. చిన్న ముద్దలు తినండి, నిదానంగా."

"మరి కుడివైపు?"

డాక్టరమ్మ కలం ఆగింది. "చెప్పలేం. చూస్తూ ఉండాలి. ఈసారి ఏ తేడా వచ్చినా మూడు నెలలు ఆగకండి."

తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి నాలుకను కదిపి చూసుకుంది. కుడివైపు కదిలింది. నిన్నటి కంటే తక్కువ కదిలిందా? మళ్లీ కదిపింది.

"ఏం చేస్తున్నావు వదినా?"

"ఏమీ..." అనబోయి ఆగింది. మరదలి వైపు తిరిగి, తెరుచుకున్నంత మేర నోరు తెరిచింది. "చూడు. కుడివైపు బాగానే ఉందా?"

మరదలు ఫోను లైటు వేసి వంగింది. ముందు సీటు పెద్దాయన తల తిప్పి వింతగా చూశాడు. ఇద్దరూ పట్టించుకోలేదు.

"ఉంది," అంది మరదలు. "రేపు మళ్లీ చూస్తాను."